కుందుల మైల

వెండి నల్లబడితే ఆ సంగతి చెప్పడానికి మాటలకు కొదవ లేదు. అమీర్‌పేట మెట్రో స్టేషను వెనక సందులో వెండి సామాన్లకు మెరుగు పెట్టే కమాల్ రోజూ వినేవే అవన్నీ. కోస్తా నుంచి వచ్చి మధురానగర్‌లో స్థిరపడ్డ ఆడవాళ్లు ‘కళ తప్పింది’ అంటారు. సనత్‌నగర్ నుంచి వచ్చే పోచమ్మ ‘నల్లవడ్డది’ అంటుంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునే కమాల్ వాళ్లకు అది ‘మైల్’. మైల్ అంటే మురికి, అంతకుమించి ఏమీ లేదు. ఎవరి మాట వాళ్లతో మాట్లాడి, ఎవరి వెండి వాళ్లకు తళతళలాడించి ఇవ్వడం ఏళ్ల తరబడి అతనికి అలవాటైపోయింది. ఒక్క శ్రావణ గురువారం మాత్రం నోరు జారింది.

మర్నాడు వరలక్ష్మీవ్రతం. కొట్టు ముందు ఇసకేస్తే రాలనంత జనం. కమాల్‌కు పొద్దుటి నుంచి మంచినీళ్లు తాగే తీరిక కూడా లేదు. అలాంటి వేళ వరలక్ష్మిగారు తన వెండి కుందుల కోసం వచ్చారు. తన పేరుతో వచ్చే పండగ కాబట్టి ఆవిడకు ఆ వ్రతమంటే రవంత పట్టింపు ఎక్కువ. వెంట పై అంతస్తు రత్నమాల కూడా ఉంది. ఆవిడ ఉన్న అపార్ట్‌మెంటులో ఎవరూ వేరే పేపరు వేయించుకోనక్కర్లేదు.

కమాల్ కుందులు రెండూ గుడ్డలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. అద్దంలా మెరుస్తున్నాయి. పడ్డ కష్టం చెప్పుకోవాలని ఏ పనివాడికి మాత్రం ఉండదు?

“గీసారి మస్తు మైల ఉండెనమ్మా,” అన్నాడు. “లోపటి దాంక పట్టింది. తీసేసరికి నా తలపానం తోకకొచ్చింది.”

వరలక్ష్మిగారి చెయ్యి కుంది దాకా వచ్చి ఆగిపోయింది. “ఏంటీ? మైలా?”

“హౌ అమ్మా, మైలనే. ఇంట్ల ఎవలో సరిగ్గ చూస్కోకుండ ముట్టుకుంటున్నరు. జర చెప్పుండ్రి.”

నూనె చేతులతో పట్టుకుంటున్నారని అతని ఉద్దేశం. ఆడవాళ్లిద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. వరలక్ష్మిగారు కుందుల్ని చేత్తో తాకకుండా, అతని చేతే గుడ్డలో చుట్టించి సంచీలో వేయించుకుని వెళ్లిపోయారు. ఆ హడావిడిలో కమాల్ అదేమీ పట్టించుకోలేదు.

వారం తిరక్కుండానే రత్నమాల ఒక వెండి పళ్లెం వంక పెట్టుకుని వచ్చింది.

“నీ చేతిలో ఏదో మహిమ ఉందయ్యా కమాల్. కుందులు చూసి అంత సంగతి ఎలా చెప్పగలిగావు?”

“నేనేం చెప్పిన్నమ్మా?”

ఆవిడకు అంతకన్నా కావలసిందేముంది, స్టూలు లాక్కుని కూర్చుంది. పేరంటానికి వచ్చిన ఆడవాళ్లంతా హాల్లో ఉండగానే వరలక్ష్మిగారు కోడలు హరిణిని పిలిచి, మైలతో కుందులు ముట్టుకున్నావా అని అడిగారట. రోజూ సాయంత్రం దీపం పెట్టేది ఆ పిల్లే. లేదనేస్తే పోయేది. హరిణి మాత్రం రెండు చేతుల్లో మొహం దాచుకుని, ముట్టుకున్నానని ఒప్పుకుంది. ఆషాఢంలో ఆమెకు మూడో నెల కడుపు పోయింది. నెల తప్పిన సంగతే ఇంట్లో చెప్పని పిల్ల, పోయిన సంగతి ఏం చెబుతుంది? తెలిసింది మొగుడు ఫణీంద్ర ఒక్కడికే. అమ్మకు చెప్పొద్దన్నది కూడా అతనే. ఆ పూట అక్కడే గుమ్మం పక్కన నిలబడి, మహానుభావుడు నోరు విప్పలేదు.

“అంత సంగతి కడుపులో పెట్టుకుని రోజూ దీపం వెలిగించిందంటే చూడు,” అంది రత్నమాల. “వ్రతం మధ్యలో ఆగిపోయింది. ఇప్పుడు మా అపార్ట్‌మెంటులో ఆ పిల్లని పేరంటానికి పిలిచేవాళ్లు లేరు. రెండు వీధుల అవతల లేడీస్ హాస్టల్లో చేరింది.”

కమాల్‌కు సగం అర్థమైంది, సగం కాలేదు. ఇంటికి వెళ్లి అమీనాను అడిగాడు. తెలుగువాళ్లకు జాకెట్లు కుట్టే అమీనాకు ఆడవాళ్ల మాటలు అతనికన్నా ఎక్కువ తెలుసు. భర్త చెప్పింది విని ఆమె మిషను తొక్కడం ఆపేసింది. మన మైల్ సబ్బు పెడితే పోతుంది, వాళ్ల మైల అది కాదు అంది. చావొచ్చినా, పురుడొచ్చినా, కడుపు పోయినా మైలే అంటారు, ఆ రోజుల్లో దేవుడి దీపం ముట్టుకోనివ్వరు అని చెప్పింది. కూతురు యుస్రా పుట్టకముందు వాళ్లిద్దరికీ కూడా ఒక కడుపు నిలవలేదు. ఆ సంగతి వాళ్లు ఎప్పుడూ ఎత్తుకోలేదు, ఇప్పుడూ ఎత్తలేదు.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని అతనికి తెలియక కాదు. అయినా మర్నాడు కొట్టు మూసి, ఆ మాట తీసుకోవడానికే మధురానగర్ వెళ్లాడు. వరలక్ష్మిగారు జాలీ తలుపు తీయకుండానే విన్నారు.

“మా మాట్ల మైల్ అంటే మురికి అమ్మా. నూనె, మసి. గంతే. కోడలమ్మను నేనేమనలే. నేను మురికన్న, మీరు మైల విన్నరు.”

ఆవిడ తలుపు గడియ మీద చెయ్యి వేసి మళ్లీ తీసేశారు.

“నీ మాట తప్పయితే అయ్యుండొచ్చులే కమాల్. ఆ పిల్ల చెప్పింది అబద్ధం కాదుగా. అంతమందిలో ఇంటి పరువు పోయింది. ఇప్పుడు నేనేం చెయ్యను?”

తలుపు మూసుకుంది. కమాల్ రత్నమాలకు కూడా చెప్పి చూశాడు, గీ మాట సుత నలుగురికి చెప్పుండ్రమ్మా అని. ఆవిడ “అలాగా” అని ఊరుకుంది. మురికి అన్న మాటలో చెప్పుకోవడానికి ఏముంది గనక? ఆ సంగతి ఎవరింటికీ చేరలేదు.

వినాయక చవితి వెళ్లాక ఒక సాయంత్రం, ఆఫీసు కార్డు మెడలో వేసుకున్న అమ్మాయి ఒకతె కొట్టు ముందు నిలబడింది.

“కమాల్ భాయ్ అంటే మీరేనా? నేను హరిణిని. వరలక్ష్మిగారి కోడల్ని.”

కమాల్ లేచి నిలబడ్డాడు. శుభ్రంగా ఉన్న స్టూలునే మళ్లీ తుడిచాడు.

“మీరన్నది మురికి అనటగా. ఫణీంద్ర ఫోన్లో చెప్పాడు.”

“హౌ బేటా. నన్ను మాఫ్ చెయ్యి.”

హరిణి బ్యాగులోంచి చిన్న డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. “మురుగులు. నల్లబడ్డాయి.”

మురుగంటే కమాల్‌కు తెలిసింది సందు చివరి కాలువే, వానొస్తే పొంగేది. డబ్బా మూత మీద చెయ్యి వేసి ఆగాడు. ఈసారి అడిగాడు.

“మురుగులంటే ఏంది బేటా? నాకు ఎర్కలేదు.”

“చంటిపిల్లల చేతులకి వేసే కడియాలు,” అంది హరిణి. “తెలిసిన రోజునే పంజగుట్టలో కొన్నాను. తొందరపడ్డాను.”

డబ్బాలో రెండు బుల్లి కడియాలున్నాయి. నల్లగా, పొయ్యిలోంచి తీసినట్టున్నాయి.

“వీటిని ఎవరూ ముట్టుకోలేదు. బీరువాలో బట్టల అడుగున పెట్టాను. నేను కూడా మళ్లీ తియ్యలేదు. అయినా ఎందుకిలా అయ్యాయి? నా వల్లేనా?”

“నీ వల్ల గాదు. వెండి గట్లనే ఉంటది. ఎవ్వలు ముట్టకున్నా నల్లవడ్తది, గాలికే అయితది. ఎవ్వల తప్పు లేదు బేటా.”

తప్పు లేదన్న మాట ఆమెతో అంతవరకూ ఎవరూ అన్నట్టు లేదు. హరిణి స్టూలు మీద కూర్చుని ఏడ్చింది. కమాల్ మెరుగు పెట్టే మిషను జోలికి పోకుండా, కుంకుడు రసంలో ముంచిన మెత్తటి గుడ్డతో ఆ కడియాలను చేత్తోనే రుద్దాడు. తెల్లబడ్డాక కూడా, ఆమె ఏడుపు ఆగేదాకా రుద్దుతూనే ఉన్నాడు.

“మైల పోయిందా?” అని అడిగింది, కళ్లు తుడుచుకుని.

“నలుపు పోయింది,” అన్నాడు. ఆ మాట ఇక ఈ జన్మకు అతని నోట రాదు.

హరిణి కడియాలు తీసుకోలేదు. “మా అత్తయ్యగారికి ఇచ్చేయండి. నేను నెలాఖరుకి పుణే ఆఫీసుకి మారిపోతున్నాను. ఆవిడకి మనవడో మనవరాలో పోయారు. ఆ సంగతి ఆవిడకింకా తెలిసినట్టు లేదు.”

మర్నాడు వరలక్ష్మిగారు జాలీ తలుపు తీశారు. మనిషి సగమయ్యారు. కమాల్ డబ్బా ఆవిడ చేతిలో పెట్టాడు.

“ఏంటివి?”

“మురుగులమ్మా. కోడలమ్మ పంపింది. తెలిసిన నాడే కొన్నదంట.”

ఆవిడ మూత తీశారు. ఒక కడియం తీసి చూపుడువేలికీ మధ్యవేలికీ కలిపి తొడగబోయారు. రెండు వేళ్లు పట్టలేదు. అక్కడే గుమ్మంలో కూర్చుండిపోయారు. పై మెట్ల మీద ఎవరో దిగుతున్న చప్పుడైంది. ఎవరు చూస్తే ఏమనుకుంటారో అన్న ధ్యాస ఆవిడకు లేదు.

“ఒంట్లో ఎలా ఉందట దానికి? అడిగావా?”

“అడగలే అమ్మా.”

“నేనూ అడగలేదు,” అన్నారు వరలక్ష్మిగారు. “మైలా అని ఒక్కటే అడిగాను.”