ధనుంజయరావు కడుపు పైకి పంపిన కబురు

పెదనలో కలంకారీ బట్టలు అచ్చు వేయించి అమ్మే ధనుంజయరావుకి యాభై దాటేదాకా కడుపు అనేది ఒకటుందని తెలియదు. పెళ్లిళ్లలో పులిహోర అడిగి మరీ మళ్లీ వేయించుకునేవాడు. గుడివాడ వెళ్తే మిరపకాయ బజ్జీలు తినకుండా తిరుగు బస్సు ఎక్కేవాడు కాదు. అలాంటి మనిషి ఒకరోజు బయటి ఊళ్ల నుంచి వచ్చిన వ్యాపారస్తుల ముందు నిలబడి, "మాదంతా చేతి అచ్చేనండి, రంగులన్నీ చెట్ల నుంచి తీసినవేనండి" అంటుండగా కడుపులో ఎవరో తడిబట్ట మెలిపెట్టి పిండినట్టయింది. మాట సగంలో వదిలేసి దొడ్లోకి పరుగెత్తాడు.

ఆ మాటలో నిజమెంతో పెదనలో అందరికీ తెలుసు. ఆయన తండ్రి బతికున్న రోజుల్లో కరక్కాయ నీళ్లలో ముంచిన గుడ్డ మీద టేకు దిమ్మలతో అచ్చు వేసేవారు. బెల్లం, తుప్పు పట్టిన ఇనుము కలిపి ఊరబెట్టి నలుపు తీసేవారు. మంజిష్ఠ వేళ్లు ఉడికించి ఎరుపు తీసేవారు. ఇప్పుడు అదంతా ముందు షెడ్డులో ఉంది. ఇద్దరు ముసలి పనివాళ్లు, గేటు ముందు కారు ఆగిందంటే చాలు, దిమ్మలు చేతికి తీసుకుంటారు. వెనక షెడ్డులో దిమ్మలకి బదులు స్క్రీన్ ప్రింట్ చట్రాలు, డబ్బాల్లో వచ్చే కెమికల్ రంగులు. సరుకంతా వెనక షెడ్డుదే. దానికి కట్టే లేబుల్ మాత్రం ముందు షెడ్డుది.

వైద్యం మొదలైంది. గుడివాడలో ఎండోస్కోపీ చేసిన డాక్టరు, "మీ కడుపు అద్దంలా ఉందండీ" అని మెచ్చుకుని పంపాడు. పామర్రులో ఒకాయన చూర్ణం ఇచ్చాడు. అది నిద్ర బాగా పట్టించింది. నాగాయలంక నుంచి అత్తగారు వచ్చి, అల్లుడి వ్యాపారం చూసి ఎవరో ఓర్వలేక దిష్టి పెట్టారని తేల్చి, ఉప్పూ మిరపకాయలూ తిప్పి పోసి వెళ్లింది. ఏదీ పనిచేయలేదు. కొనేవాడు ఎదురుగా కూర్చోవడం, లేబుల్ సంగతి రావడం, ఈయన లేవడం. ఆ మూడూ వరసగా జరిగిపోతున్నాయి.

"బావా, నువ్వు లేచి వెళ్లినప్పుడల్లా పార్టీ చల్లబడిపోతోంది" అని బాలాజీ విసుక్కునేవాడు. బాలాజీ ధనుంజయరావు భార్య పార్వతికి తమ్ముడు. సరుకు ఫొటోలు ఫోన్లో పెట్టడం, పెద్ద ఊళ్ల వాళ్లతో మాట్లాడటం అతని పని. లేబుల్ మీది మాటలు కూడా అతనే రాశాడు.

చివరికి పార్వతి మొగుణ్ణి బందరు తీసుకెళ్లింది. అక్కడ డాక్టర్ కృపాకుమారి పాత రిపోర్టులన్నీ తిరగేసి పక్కన పెట్టి, "ఎప్పుడెప్పుడు వస్తుందండీ?" అని అడిగింది.

"ఎప్పుడు పడితే అప్పుడే మేడం."

"అబద్ధం" అంది పార్వతి. "ఇంట్లో రాదండీ. గుళ్లో రాదు. మొన్న పెళ్లిలో గారెలు ఎన్ని తిన్నారో లెక్కలేదు, ఏమీ కాలేదు. బేరం వచ్చినప్పుడే వస్తుంది. అదీ ఈయన సరుకు గురించి చెప్పేటప్పుడు."

డాక్టరమ్మ నవ్వలేదు. తెల్లకాగితం మీద తలకాయ ఒకటి, పేగుల చుట్ట ఒకటి గీసి, మధ్యలో ఒక పొడుగాటి గీత లాగింది.

"పేగుల గోడల్లో కోట్ల కొద్దీ నాడీకణాలున్నాయండీ. తిన్నది కలపడం, ముందుకు నెట్టడం లాంటి పనులు తలని అడక్కుండా అవే చూసుకుంటాయి. అందుకే దాన్ని రెండో మెదడు అంటుంటారు. ఇదిగో, ఈ గీత వేగస్ నాడి. మెడలోంచి దిగి కడుపు దాకా వస్తుంది. దీన్లో బోలెడు పోగులుంటాయి. పై నుంచి కిందికి ఆర్డర్లు తెచ్చేవి తక్కువ. కింది నుంచి పైకి కబుర్లు మోసేవే ఎక్కువ."

"అంటే కడుపే తలకి చెప్తుందా?"

"చాలావరకు. తల కూడా ఊరుకోదు. మీరు భయపడితే ఆ భయం కిందికి దిగుతుంది, పేగులు గబగబా కదులుతాయి. ఆ కదలిక పైకి కబురవుతుంది. తల ఇంకా భయపడుతుంది. అలా ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి."

ధనుంజయరావు గొంతు తగ్గించి అడిగాడు. "మరి... ఆ నరం కోసేస్తే?"

"పూర్వం అల్సర్లకి దాని కొమ్మలు కోసేవాళ్లండీ. మంచి మందులొచ్చాక దాదాపు మానేశారు. మీకు అల్సరూ లేదు, కోతా అక్కర్లేదు. ఒక చిన్న మాత్ర రాస్తాను, పేగుల నరాల చురుకు తగ్గిస్తుంది. కానీ దేనికి భయపడుతున్నారో అది మాత్రలో తగ్గదు. అది మీరు చూసుకోవాలి."

"మేడం, కడుపుకి నిజం అబద్ధం తెలుస్తాయా?" అంది పార్వతి.

"తెలియవమ్మా. మనిషి దేనికో బెదురుతున్నాడని మాత్రం తెలుస్తుంది."

ఈ సంభాషణలో ధనుంజయరావుకి బాగా నచ్చింది రెండో మెదడు. పెదన తిరిగి వచ్చేటప్పటికే బస్సులో పక్కసీటాయనకి చెప్పేశాడు. మర్నాటికి బజారంతా పాకింది. బందరు డాక్టరు పరీక్ష చేసి ధనుంజయరావుకి రెండు మెదళ్లున్నాయని తేల్చిందట. అందరికీ ఉంటాయన్న సంగతి ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు. కలంకారీ వ్యాపారుల సంఘంలో ఏ తగువు వచ్చినా, "రెండు బుర్రలున్న మనిషి, ఆయన్నే అడగండి" అనడం మొదలైంది. పొట్ట మీద చెయ్యి వేసుకుని, కళ్లు మూసుకుని తీర్పు చెప్పేవాడు. తీర్పులు ఎప్పటిలాగే ఉండేవి. వినే వాళ్ల భక్తి పెరిగింది. ఆ ఊపులో సంఘానికి అధ్యక్షుణ్ణి కూడా చేశారు.

మాత్ర పనిచేసింది. కడుపు మెలిపెట్టడం తగ్గింది, పరుగులు తగ్గాయి. బేరం దగ్గర కదలకుండా కూర్చుని లేబుల్ మొత్తం చదివి వినిపించగలిగాడు. కడుపు కిమ్మనలేదు. అడ్డు చెప్పేవాడు లేని మాట ఎంత దూరమైనా వెళ్తుంది. ముందు, రంగులు చెట్లవి అన్నాడు. తర్వాత, ఆ చెట్లు మా సొంతవి అన్నాడు. ఇంకొన్నాళ్లకి, మా బట్ట కడితే చర్మవ్యాధులు తగ్గుతాయని సంఘం సభలోనే చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వాళ్ల లేబుళ్ల మీద కూడా ఆ మాట ఎక్కింది.

పార్వతి మాత్రం, "మాత్ర మానేయరాదూ?" అంది ఒకసారి.

"ఎందుకు? హాయిగా ఉందిగా."

"మీకు హాయిగానే ఉంది. నాకే కడుపులో అదోలా ఉంటోంది."

అలాంటి రోజుల్లో హైదరాబాదు నుంచి తేజస్విని వచ్చింది. పసిపిల్లల బట్టలు తయారుచేసే కంపెనీ ఆమెది. పెద్ద ఆర్డరు. వెంట కెమెరా పట్టుకున్న మనిషి. బాలాజీ ముందు షెడ్డు కడిగించి, రాగి కాగు తోమించి పెట్టాడు. మంజిష్ఠ ఉడికించి ఏళ్లయింది కాబట్టి వెనక షెడ్డు నుంచి ఎర్రరంగు తెచ్చి కాగులో నీళ్లలో కలిపాడు. పైన నాలుగు ఆకులు వేశాడు. ధనుంజయరావు చూశాడు, ఊరుకున్నాడు.

కెమెరా ముందు ఆయన మాట గోదారిలా సాగింది. కరక్కాయ మహిమ, పటిక గుణం అన్నీ అయ్యాక, "మా రంగు పసిబిడ్డ నోట్లో పెట్టుకున్నా ఏం కాదమ్మా. తాగొచ్చు" అన్నాడు.

తేజస్విని కళ్లు మెరిశాయి. "నిజంగానా అంకుల్? ఒక్క గుక్క తాగి చూపిస్తారా? వీడియోకి అదిరిపోతుంది."

బాలాజీ ఏదో అడ్డు చెప్పబోయి, కెమెరా తనవైపు తిరిగేసరికి నవ్వి ఊరుకున్నాడు. ఎవరో స్టీలు గ్లాసు తెచ్చి ముంచి ఇచ్చారు. ధనుంజయరావు గ్లాసులోకి చూశాడు. అదివరకటి కడుపైతే ఈపాటికి దొడ్లోకి లాక్కుపోయేది. ఇప్పుడది నిద్రపోతోంది. అధ్యక్షుడి హోదాలో ఒక గుక్క తాగాడు. చిరునవ్వు కూడా నవ్వాడు.

ఆ నవ్వు ముఖం మీద ఉండగానే కడుపు నిద్ర లేచింది. ఏ మాత్రా దాన్ని ఆపలేకపోయింది. తాగినదీ, అంతకుముందు తిన్న ఇడ్లీలూ అన్నీ కలిసి తేజస్విని తెల్లచీర మీద పడ్డాయి. కెమెరా ఆగలేదు.

కారులో బందరు తీసుకెళ్లారు. కబురందుకుని కృపాకుమారి వచ్చింది. "ఏం తాగారండీ?"

గుమ్మంలో తేజస్విని, బాలాజీ నిలబడి ఉన్నారు. ధనుంజయరావు వాళ్లవైపు చూసి, "మంజిష్ఠ కషాయం మేడం" అన్నాడు.

"మంజిష్ఠ అయితే ఒక వైద్యం. వేరేదయితే వేరే వైద్యం. తప్పు చెబితే ప్రమాదం మీకే."

పార్వతి మంచం పక్కకి వచ్చి, "చెప్పండి" అంది. గట్టిగా అనలేదు.

"కెమికల్ రంగు మేడం. వెనక షెడ్డుది. అంతా వెనక షెడ్డుదే" అన్నాడు ధనుంజయరావు. అని కళ్లు మూసుకున్నాడు. డబ్బా మీద పేరేమిటో డాక్టరమ్మ అడిగి తెలుసుకుని, సెలైన్ పెట్టించి, రాత్రికి ఉంచమంది. చాలావరకు బయటికి వచ్చేయడం అదృష్టమంది.

"మాత్ర వేసుకుంటూనే ఉన్నాను కదా మేడం, మరి ఇదెలా వచ్చింది?"

"పడకూడనిది లోపల పడిందని ఆ నరాలే పైకి చెప్పాయండీ. పై నుంచి వాంతి ఆర్డరు దిగింది. ఆ దారి మూసే మాత్ర కాదు నేనిచ్చింది. మూసి ఉంటే మీ పని అయిపోయేది."

డాక్టరు వెళ్లాక తేజస్విని లోపలికి వచ్చింది. ఆర్డరు పోయిందనుకుని ధనుంజయరావు చేతులు జోడించబోయాడు. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది.

"కంగారు పడకండి అంకుల్. మాకు ముందునుంచీ తెలుసు. మీరిచ్చే రేటుకి చేతి అచ్చు ఎవరిస్తారు చెప్పండి? వీడియోలో మీరు తాగి నవ్వేదాకా ఉంచి, తర్వాతది తీసేస్తాం. చాలా బాగా వచ్చింది. లేబుల్ కూడా అదే ఉంచండి."

"చూశావా బావా, మేడం ఎంత మంచివారో" అన్నాడు బాలాజీ.

ధనుంజయరావు పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. కడుపులో నెమ్మదిగా మెలిక మొదలైంది. ఈసారి ఆయన బాత్రూం వైపు చూడలేదు.

"ఆ వీడియో వద్దమ్మా" అన్నాడు.

"ఎందుకండీ?"

"పసిపిల్లల బట్టలన్నారు. చూసినవాళ్లెవరో నిజమనుకుంటారు. బిడ్డ చొక్కా చప్పరిస్తుంటే ఏం కాదులే అని ఊరుకుంటారు. నేనంటే పెద్దవాణ్ణి, కక్కేశాను."

తేజస్విని లేచింది. బాలాజీ ఆమె వెనకే వెళ్లాడు. తర్వాత కొన్నాళ్లకి అతను బందరులో సొంత షెడ్డు పెట్టుకున్నాడు. ఆ ఆర్డరు అక్కడికి వెళ్లింది. వీడియోలో తాగి చూపించడానికి రంగుకి బదులు, ఏమీ కలపని దానిమ్మరసం వాడారని పెదనలో చెప్పుకున్నారు.

ధనుంజయరావు లేబుళ్లు మార్పించాడు. వెనక షెడ్డు సరుకు మీద 'స్క్రీన్ ప్రింట్, కెమికల్ రంగు' అని ఉంటుంది. ముందు షెడ్డులో మంజిష్ఠ మళ్లీ ఉడుకుతోంది. సరుకు కొంచెమే వస్తుంది, ధర ఎక్కువ. సంఘం వాళ్లు అత్యవసర సమావేశం పెట్టి ఆయన్ని అధ్యక్ష పదవి నుంచి తప్పించారు. ఒక్కడు నిజం రాస్తే మిగతా లేబుళ్ల గతేమిటని వాళ్ల బాధ. "రెండు మెదళ్లన్నారు. ఒక్కటీ పనిచెయ్యట్లేదు" అని తీర్మానం చేసినంత పని చేశారు.

మొన్న గుడివాడ నుంచి ఒకావిడ వచ్చింది. దుప్పట్లు తిరగేసి, లేబుల్ చదివి, ముఖం చిట్లించింది.

"కెమికలా?"

"అవునండీ. మొదటి ఉతుకు విడిగా వేసుకోండి. కొంచెం రంగు దిగుతుంది."

"మిగతా షాపుల్లో అంతా చెట్ల రంగేనంటున్నారే!"

ధనుంజయరావు ఇంకో దుప్పటి విప్పి ముందు పరిచాడు. ఆవిడ ఒక దుప్పటి పక్కన పెట్టింది.

"సరే, ఇదివ్వండి. కెమికలని మీరే చెబుతున్నారుగా, రేటు తగ్గించాలి మరి."

తగ్గించాడు. వెనకనుంచి పార్వతి, నిజం చెప్పినందుకు జరిమానా కట్టే మనిషిని లోకంలో ఈయన్నే చూశానని గొణుక్కుంటూ, దుప్పటి మడతపెట్టి సంచిలో వేసి ఇచ్చింది.