వేడి తగ్గేదాకా

"సాంకోచో పులుసు కుండలో నీళ్ళు తగ్గాయేమో చూసుకో. బండిలో నీళ్ళ సంగతి నీకెందుకు?" అన్నాడు ఎవెలియో భార్యతో, ఆ వారంలో మూడోసారి. అని ఇంజను స్టార్ట్ చేసేశాడు.

ఒటీలియా బండెక్కింది. వెనక సీట్లో అత్తగారు ఎర్సీలియా. పదకొండింటికి అర్మేనియా ఊళ్ళో ఆవిడకి కంటి ఆపరేషన్. ఆవిడ మందులు, దుప్పటి, ఆసుపత్రి కాగితాలు, దారిలోకి మొక్కజొన్న రొట్టెలు అరెపాలు, అన్నీ సర్దింది ఒటీలియానే. ఆదివారం ఆదివారం బండి కడిగేదీ ఆమే. మొదట్లో ఉత్తి కడగడమే. తర్వాత డాష్‌బోర్డు అరలో ఎవరూ విప్పని బండి పుస్తకమొకటి కనబడితే చదివింది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి, కూలెంట్ డబ్బా మీది రెండు గీతల మధ్య ఎంతుందో చూడటం అలవాటు చేసుకుంది. నెలరోజులుగా అది కింది గీతకి జారుతోంది. రెండుసార్లు తనే పోసింది. ఎక్కడో కారుతోందని చెబితే ఎవెలియోకి నవ్వులాట. ఆఫీసులోనూ అంతే. కాఫీ రైతుల సంఘంలో ఆమె రాసిన నివేదికని మేనేజరు తన పేరుతో చదువుతుంటే, ఆమె అందరికీ కాఫీ అందించేది.

లా లీనియా కనుమ ఎత్తు మీద లారీల వెనక పాకుతుండగా ఇంజను వేడి చూపే ముల్లు ఎర్రగీత తాకింది.

"బండి ఆపు," అంది ఒటీలియా.

"పైకెళ్ళాక ఆపుతాలే."

బానెట్ కింద నుంచి ఆవిరి లేచాకగాని ఆపలేదు. దిగి, చొక్కా చేతిని అరచేతికి లాక్కుని రేడియేటర్ మూత మీదికి వంగాడు. ఒటీలియా అతని మణికట్టు పట్టుకుంది.

"ముట్టుకోకు. లోపల మరుగుతోంది. మొహమ్మీదికి చిమ్ముతుంది."

"అమ్మకి టైమైపోతోంది! నువ్వేమన్నా మెకానిక్కువా?"

"కాదు. పుస్తకం చదివినదాన్ని."

"చెయ్యి తియ్యరా!" వెనక నుంచి ఎర్సీలియా కేకేసింది. "రేపు నాకు చూపొచ్చాక ముందు నీ కాలిన మొహం చూడమంటావా?"

ముప్పావుగంట ఆగారు. అతను రోడ్డు మీద పచార్లు చేశాడు. ఒటీలియా ఆసుపత్రికి ఫోన్ చేసి టైము మార్పించింది, అత్తగారికి అరెపా తుంచి పెట్టింది. ఆ పనులన్నీ ఎప్పటివే. మధ్యలో లేచి వెళ్ళి రేడియేటర్ గొట్టానికి వేళ్ళ వెనకభాగం దగ్గరగా పెట్టి చూసి, "ఇంకా కాదు" అనడం మాత్రం కొత్త. ఆ రెండు మాటలకీ ఒక మగమనిషి ఆగిపోవడం మరీ కొత్త.

గొట్టం పూర్తిగా చల్లబడ్డాక మందపాటి తువ్వాలు మూత మీద వేసి కొద్దిగా తిప్పింది. సన్నగా బుస్సుమంది. ఆగింది. శబ్దం సద్దుమణిగాక తీసింది. చూస్తే గొట్టం బిగించే పట్టీ వదులైపోయి ఉంది. స్క్రూడ్రైవరుతో బిగించింది. సీటు కింద దాచిన కూలెంట్ సీసా తీసి రేడియేటర్ నింపింది, డబ్బాలో పైగీత దాటకుండా పోసింది. మూతలు బిగించి, ఇంజను స్టార్ట్ చేసి, చుక్క కారడంలేదని రెండుసార్లు చూసుకుంది.

ఎవెలియో తాళాల కోసం చెయ్యి చాచాడు.

"నేను నడుపుతా. ముల్లు మీద ఒక కన్నుండాలి. నీకది అలవాటు లేదు."

ఆరేళ్ళ కిందటి లైసెన్సు ఆమె పర్సులోనే ఉంది. అతను అటు తిరిగి వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నాడు. మొదటి మలుపు ఆమె మరీ నెమ్మదిగా తిప్పింది. మూడో మలుపుకి స్టీరింగు మీద పట్టు కుదిరింది. కనుమ దాటాక దిగుడంతా చిన్న గేరులోనే దించింది.

ఆసుపత్రిలో నర్సు కాగితం మీద రాసుకుంటూ అడిగింది: "మిమ్మల్ని ఎవరు తీసుకొచ్చారమ్మా?"

"నా కోడలు," అంది ఎర్సీలియా. తర్వాత కొడుకు గుర్తొచ్చి, "ఇదుగో, వీడు కూడా వచ్చాడు" అంది.