కత్తి తగలని ముఖం

చిత్తూరు కొంగారెడ్డిపల్లెలో ఒక కల్యాణ మండపం మేడ మీద గురువారం గురువారం లోకేశ్వరి తరగతి జరుగుతుంది. వచ్చేవాళ్ళంతా నలభై దాటిన ఆడవాళ్ళు. వయసు పైబడినా చర్మం బిగువు సడలకుండా ఎలా కాపాడుకోవాలో ఆమె చెబుతుంది. మెడకు నువ్వుల నూనె కింది నుంచి పైకి రాయాలి. పై నుంచి కిందికి రాస్తే చర్మం జారుతుంది. కాఫీ మానాలి. దిండు లేకుండా వెల్లకిలా పడుకోవాలి. నవ్వు వస్తే పెదవులు మూసుకుని నవ్వాలి. ఈ నియమాలు ఎక్కడివని ఎవరూ అడగలేదు. ఆమె ముఖం చూశాక అడగాల్సిన పని లేదనుకున్నారు. ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. మెడ మీద ముడత లేదు.

తరగతి గిల్లుడుతో మొదలవుతుంది. ముందు వరుసలో ఒకరి చేయి పట్టుకుని, చేతి వెనక చర్మాన్ని రెండు వేళ్ళతో పైకి లాగి వదులుతుంది. లేచిన చర్మం దిగడానికి ఎంత ఆలస్యమైతే వయసు అంత పైబడినట్టు లెక్క.

"సూడండి. గుడారం మాదిరి నిలబడిపోయింది" అంటుంది.

అందరూ ఆ చేతిని చూసి తమ చేతుల్ని గిల్లుకుంటారు. శుక్రవారం పొద్దున చేతి మీద కమిలిన మచ్చతో కూరగాయలు కొంటున్న ఆడమనిషి కనిపిస్తే ఆమె లోకేశ్వరి శిష్యురాలు. లోకేశ్వరి తన చేతిని మాత్రం ఎవరికీ ఇవ్వదు. మణికట్టు దాకా జాకెట్టు, చేతిని కప్పుతూ రుమాలు. తరగతి ముగిసే ముందు చెంప చూపించి ఒకే మాట చెబుతుంది.

"ఇది కత్తి తగలని ముఖం."

తగిలింది. నాలుగేళ్ళ కిందట చెన్నైలో ఒక డాక్టరు ఆమె కణతల దగ్గర జుట్టులో మొదలుపెట్టి, చెవుల ముందుగా దిగి, చెవుల వెనక నుంచి మెడ మీది జుట్టు దాకా కోశాడు. చర్మాన్ని వెనక్కి లాగి, మిగిలింది కత్తిరించి కుట్టాడు. ఇది శాశ్వతం కాదని, కొన్నేళ్ళకు మళ్ళీ జారుతుందని, ఎండలో తిరగొద్దని చెప్పాడు. నూనె ప్రస్తావన తేలేదు. వాపు తగ్గేదాకా ఆమె అక్కడే గది తీసుకుని ఉంది.

భర్త కుప్పుస్వామికి కాశీ పోతున్నానని చెప్పింది. తిరిగి వచ్చేటప్పుడు మైలాపూరులో ఒక అంగడిలో కాశీ దారాలు, మూత అతికించిన గంగ చెంబులు కొనుక్కుంది. కాశీ పోయి వచ్చిన మనిషి అని వీధిలో తనకంటే పెద్దవాళ్ళు కూడా ఆమె కాళ్ళకు మొక్కారు. ఆమె మొక్కించుకుంది. కుప్పుస్వామి దారం చేతికి కట్టుకున్నాడు. మీ ఇంటామె ముఖం మారిపోయిందే అన్నవాళ్ళకు "గంగలో మునిగింది గదప్పా" అని ఆయనే జవాబిచ్చాడు. ఆయనకు మామిడి మండీ ఉంది. నూనె పూసి మెరిపించి తెచ్చిన పాత కాయను బొటనవేలితో నొక్కి పక్కన పడేసే మనిషి, నాలుగేళ్ళు పెళ్ళాం చెవి వెనక చూడలేదు.

ఈ ఏడాది మామిడికాయల కాలంలో కుప్పుస్వామికి గుండెనొప్పి వచ్చింది. తిరుపతిలో ఆపరేషన్ చేశారు. ఆపరేషన్ గది బయట, శిష్యురాళ్ళు చుట్టూ కూర్చుని ఉండగా, లోకేశ్వరి రెండు చేతులూ ఎత్తి మొక్కింది. ఈయన లేచి కూర్చుంటే కొండకు వచ్చి తలనీలాలు ఇచ్చుకుంటాను, గుండు చేయించుకుంటాను అని. ఆ కాసేపు ఆమె భయం నిజం. జయంతి అనే శిష్యురాలు దాన్ని ఫోనులో తీసింది. సాయంత్రానికి అది చిత్తూరంతా తిరిగింది.

కుప్పుస్వామి లేచి కూర్చున్నాడు. లోకేశ్వరికి నిద్ర కరువైంది. జుట్టు తీస్తే గీతలు బయటపడతాయి. గీతలతో పాటు తరగతి పోతుంది, కాశీ పోతుంది, వీధిలో తలెత్తుకుని తిరగడం పోతుంది.

ఒక పొద్దున భర్తకు ఇడ్లీ పెడుతూ "మూడు కత్తెర్లిస్తా" అంది. జుట్టు కొసలు మూడుసార్లు కత్తిరించి ఇచ్చి మొక్కు తీర్చుకునే ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు.

"మొక్కింది ఎంత?" అన్నాడు కుప్పుస్వామి.

"గుండనే మొక్కినా. ఆడదానికి మూడు కత్తెర్లు గుండుతో సమానమంట. అయ్యవారు సెప్పినాడు."

"యా అయ్యవారు?"

ఆమె ఇంకో ఇడ్లీ వడ్డించింది. ఆయన పళ్ళెం పక్కకు నెట్టాడు.

"డాక్టరు నా రొమ్ము పొడుగునా సీల్చినాడు మే. మూడు గాట్లు పెట్టి సాల్లే అన్లేదు. నువ్వు మొక్కులో కోత పెడితే కొండ మీదాయన నా ఆయుస్సులో కోత పెడతాడు. నేను సావల్నా?"

ఆయనకు మాత్రల మీద ఎంత నమ్మకమో మొక్కు మీదా అంతే. ఛాతీలో చురుక్కుమన్నప్పుడల్లా మాత్ర వేసుకుని, భార్య జడ వైపు చూసేవాడు. శిష్యురాళ్ళు కూడా ఊరుకోలేదు. రిజిస్ట్రారు ఆఫీసులో పనిచేసి రిటైరైన భారతమ్మ ప్రతి తరగతిలోనూ "గుండెప్పుడక్కా" అని అడిగేది. ఒకసారి పక్కావిడతో, లోకేశ్వరికి వినపడేట్టుగానే "అక్క మొగం సూసినాం. తల గూడా అంతే బిగువుగా ఉండాదో లేదో సూడాల గదా" అంది. చివరికి వాళ్ళే వ్యాను మాట్లాడారు.

కొండ మీద కల్యాణకట్టలో ఆడవాళ్ళకు ఆడ క్షురకులే గుండు చేస్తారు. లోకేశ్వరి వంతు వచ్చింది. "తల వంచమ్మా, గోవిందా అను" అంది క్షురకురాలు. లోకేశ్వరి గోవిందా అంది. జుట్టు ఒళ్ళో పడింది. క్షురకురాలు గీతల మీదుగా కత్తి లాగేసింది. ఆమె చూసే తలల్లో మచ్చ లేనిది తక్కువ.

గుండుకు రాసుకునే గంధాన్ని లోకేశ్వరి ఇంటి దగ్గరే గట్టిగా కలిపి డబ్బాలో తెచ్చుకుంది. స్నానం చేసి, కొంగు కప్పుకుని బయటికి వచ్చింది. అక్కడ కుప్పుస్వామి ఒక్కడే ఉన్నాడు; శిష్యురాళ్ళు కాఫీ కోసం పోయి ఉన్నారు. తరగతిలో మానిన కాఫీ కొండ మీద తాగొచ్చని వాళ్ళు అనుకున్నారు. ఆమె గోడ వైపు తిరిగి ముందు భాగం రాసుకుంది. వెనక చేయి సరిగా అందలేదు.

"ఇట్లా ఇయ్యి" అని కుప్పుస్వామి డబ్బా తీసుకున్నాడు. "నా కోసరం కొట్టించుకున్న గుండు. నేను రాస్తా."

వద్దని ఆమె అనేలోపే ఆయన వేళ్ళు తల మీద పడ్డాయి. ఎడమ చెవి వెనక బొటనవేలు ఆగింది. కాయను నొక్కినట్టు అక్కడ నొక్కి, గీత వెంట మెడ దాకా పోయింది. తర్వాత కుడి చెవి. తర్వాత కణతలు.

"ఇదేంది మే?"

"మెల్లిగా మాట్లాడు. ఎవరన్నా ఇంటారు."

"కాశీలో కోసినారా?"

ఆమె గోడ వైపే చూస్తూ "మద్రాసులో" అంది.

ఆయన చేతి దారం వైపు చూసుకున్నాడు. అవతల నుంచి శిష్యురాళ్ళు వస్తున్నారు. ఆయన డబ్బాలోంచి గంధం తీసి, గోడ పగుల్లో సిమెంటు కూరినట్టు గీతల్లో కూరడం మొదలుపెట్టాడు.

"నిన్ను కాపాడేకి కాదు" అన్నాడు. "గంగలో మునిగిందని ఊరంతా సెప్పినోణ్ణి నేను. నా మొగాన గూడా ఊస్తారు."

దర్శనమైంది. వ్యాను ఘాట్ రోడ్డు దిగుతోంది. అద్దాలు తీసి ఉన్నాయి. గాలికి గంధం ఎండి, పగిలి, పెచ్చులుగా రాలింది. లోకేశ్వరి జారిన కొంగు సర్దుకునేలోపు వెనక సీట్లో ఉన్న భారతమ్మ ముందుకు వంగింది.

"అక్కా, ఈ గీత ఏంది?"

లోకేశ్వరి వెనక్కి తిరగలేదు. "సిన్నప్పుడు మామిడి సెట్టు మీద నుంచి పడినా."

"ఈ పక్క గూడా ఉండాదే."

"అదీ అప్పుడే."

"రెండు పక్కలా పడినావా అక్కా?"

కుప్పుస్వామికి నవ్వు వచ్చింది. ఆపరేషన్ అయ్యాక ఆయన నవ్వడం అదే మొదలు. కుట్లు లాగితే రొమ్ము పట్టుకుని నవ్వాడు.

"ఒక పక్క పడింది" అన్నాడు. "రెండో పక్క సరిగ్గా రాలేదని మళ్ళీ ఎక్కి పడింది."

చిత్తూరు దాకా అందరూ కిటికీల్లోంచి బయటికి చూశారు.

గురువారం నాడు లోకేశ్వరి తలకు గుడ్డ కట్టుకుని, తన దగ్గరున్న హాలు రెండో తాళంచెవి తిరిగి ఇచ్చేయడానికి మండపానికి పోయింది. మెట్ల మీద చెప్పులు నిండి ఉన్నాయి. చెప్పులతో కొడతారేమో అనుకుంది. పైన ఏ వారమూ లేనంత మంది కూర్చుని ఉన్నారు. ఆమెను చూడగానే భారతమ్మ లేచి తలుపు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"అక్కా, ఆ డాక్టరు మెడ ఒక్కటే సేస్తాడా, అంతా సేపించుకోవల్నా?"

వెనకే జయంతి వచ్చింది. "వాపు ఎన్నాళ్ళుంటాది అక్కా?"

"నొప్పి సంగతి సెప్పక్కా" అంది ఇంకొకావిడ. "అదట్లుండనీ, ఇంట్లో ఆయనకు ఏం సెప్పాల?"

"కాశీ అని సెప్పు" అంది గుంపులోంచి ఎవరో.

పెదవులు మూసుకోవాలన్న నియమం మరిచి అందరూ నవ్వారు.

లోకేశ్వరి తాళంచెవిని బొడ్లో దోపుకుంది. లోపలికి పోయి తన కుర్చీలో కూర్చుంది. గుడ్డ విప్పేసింది.

"కత్తి అందరికీ పనికిరాదు" అని మొదలుపెట్టింది. "మూడేండ్లు నూనె పట్టిన సర్మానికే కుట్టు నిలబడతాది. ఆ డాక్టరే నాకు సెప్పినాడు."

అందరూ తల ఊపారు. నాలుగేళ్ళు నూనె రాసిన భారతమ్మ మిగతావాళ్ళ వైపు గర్వంగా చూసింది. ముందు వరుసలో కూర్చుని చేయి చాపింది. లోకేశ్వరి గిల్లి వదిలింది. చర్మం గుడారంలా నిలబడింది.

భారతమ్మ భర్త గుణశేఖర్‌ది మండీలో కుప్పుస్వామి పక్క అంగడి. వారం తిరగకముందే ఆయన వచ్చి తూకం బల్ల మీద కూర్చున్నాడు.

"స్వామీ, మా ఇంట్లో కాశీ పోతానని ఒకటే పోరు. మీ ఇంటామె పోయొచ్చింది గదా. వొంటిదాన్ని పంపించొచ్చునా?"

కుప్పుస్వామి గంపలోంచి ఒక కాయ తీసి బొటనవేలితో నొక్కి చూశాడు. దాన్ని పక్కన పడేశాడు.

"పంపించప్పా" అన్నాడు. "వచ్చేటప్పుడు దారం తెమ్మను."