తమ్ముడికి ఊరు చూపించడం

రిటైరై ఐదేళ్లయినా వీధిలో అందరికీ ఆయన సూపరింటెండెంటుగారే. ఏ ఆఫీసులో అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి ఆయన మాత్రం రోజూ సిద్ధంగానే ఉంటారు.

రాజధానిలో ముప్పై ఏళ్లుగా కాపురం. అయినా పాత రాజమహలు గడప తొక్కలేదు. సొంత ఊళ్లో ఉన్నవి చుట్టాలొస్తే చూడాలి గానీ, మనంతట మనం వెళ్లి చూస్తే పనీపాటా లేనివాళ్లమనుకుంటారని ఆ వీధివాళ్లందరి నమ్మకం. భార్య కూడా "ఎవరైనా వచ్చినప్పుడు వెళ్దాం లెండి" అనేది. ఎవరైనా వచ్చేలోపు ఆవిడే వెళ్లిపోయింది.

ఇన్నాళ్లకు తమ్ముడు ఫోన్ చేశాడు. "ఆదివారం పొద్దున రైలు దిగుతాం అన్నయ్యా. నేనూ, మీ మరదలూ. రాత్రికి మళ్లీ రైలుంది."

సూపరింటెండెంటుగారు రెండు కొత్త దిళ్లు కొన్నారు. రాత్రికి రైలున్నవాళ్లకి దిళ్లెందుకని కొట్టువాడు అడగలేదు గనక సరిపోయింది. ఒక్క రాత్రి ఇంట్లో రెండో గొంతు వినబడాలని ఆయన ఆశ. ఊరు బాగా చూపిస్తే, ఇంకా చూడాల్సింది మిగిలిపోయిందని వాళ్లే ఉండిపోతారని పథకం. అయితే ముప్పై ఏళ్లు ఇక్కడే ఉండి మహలుకి దారి అడుక్కుంటే పరువేం కావాలి? అందుకని శనివారం ఒక్కరే రిహార్సలుకి బయల్దేరారు.

మహల్లో ప్రతి స్తంభం దగ్గరా నిలబడి చిన్న గొంతుతో ఉపన్యాసం చెప్పుకున్నారు. మధ్యమధ్య ఆగి "మంచి ప్రశ్న వేశావు తమ్ముడూ" అన్నారు. తమ్ముడు మంచి ప్రశ్న వేయడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

అంతలో అవతలి స్తంభం దగ్గర తెలిసిన గొంతు వినబడింది. తొంగిచూస్తే నిజం తమ్ముడే. ఐస్‌క్రీము తింటున్నాడు. పక్కన మరదలు.

"బావగారికి చెబితే ఆయనే చూపించేవారుగా? హోటలు కూడా తప్పేది," అంటోంది మరదలు.

"అన్నయ్యతోనా? స్తంభానికో ఉపన్యాసం! వదిన పోయాక మాట్లాడే మనిషి లేక, దొరికినవాణ్ణి వదలడు. రేపు భోజనానికెళ్లి సాయంత్రం దాకా ఓపిక పడితే చాల్లే."

సూపరింటెండెంటుగారు స్తంభం వెనక్కి పూర్తిగా ఒదిగిపోయారు. పాతకాలంవాళ్లు స్తంభాలు అంత లావుగా ఎందుకు కట్టారో బోర్డు మీద లేదు గానీ, ఆయనకి అప్పుడర్థమైంది.

ఆదివారం పొద్దున ఇద్దరూ జుట్టు చెరుపుకుని మరీ వచ్చారు. చేతిలో చిన్న సంచి. మిగతా సామాను స్టేషన్లో పెట్టామని అడక్కముందే చెప్పారు.

"రాత్రంతా నిద్ర లేదు బావగారూ. పక్క బెర్తాయన ఒకటే గురక!" అంది మరదలు.

"అయ్యో, అలాగా," అన్నారాయన. భోజనాలయ్యాక అడిగారు. "ఇంట్లోనే ఉందామా? ఏమైనా చూస్తారా?"

తమ్ముడు నోరు తెరిచేలోపే మరదలు అందుకుంది. "చూడకుండా ఎలా బావగారూ! మేమెప్పుడు చూశాం గనక!"

తమ్ముడు ఆవిడ వైపు ఓ చూపు చూశాడు. ఆ వేడికి ఇంకో పూట అన్నం ఉడికేది. ఆ విధంగా ముగ్గురూ నిన్న చూసిన మహలుని మొదటిసారి చూడటానికి బయల్దేరారు.

మొదటి హాలు దాటినా సూపరింటెండెంటుగారు పెదవి విప్పలేదు. తమ్ముడికి ఏదోలా ఉంది.

"ఏంటన్నయ్యా, ఏమీ చెప్పవేం?"

"బోర్డు మీద రాసుంది కదరా."

రెండో హాల్లో ఆ నిశ్శబ్దం తట్టుకోలేక తమ్ముడే మొదలెట్టాడు. "ఈ స్తంభాలన్నీ ఒకే కొండ రాయట అన్నయ్యా. పైన ఆ పూత ఉందే, అదీ..." మరదలు మోచేత్తో పొడిచింది.

"బాగా తెలుసే నీకు!" అన్నారు అన్నయ్య.

"ఫోన్లో చదివాన్లే."

"మంచిదే. చదువుకుని రావడం మంచిదే."

పక్కనే ఉన్న పార్కులో బెంచీ మీద ముగ్గురూ కూలబడ్డారు. అందరి కాళ్లలోనూ రెండ్రోజుల నడక ఉంది. ఈమాత్రానికే ఇంత అలసటేమిటని ఎవరూ ఎవర్నీ అడగలేదు.

"ఒంట్లో బాగానే ఉందా అన్నయ్యా? ఇంత తక్కువ మాట్లాడే మనిషివి కాదే," అన్నాడు తమ్ముడు, ఈసారి నిజంగానే.

'ఈ రాత్రికి ఉండిపోండిరా' అన్న మాట గొంతు దాకా వచ్చింది. అంటే పాపం, వాళ్లు ఇంకో అబద్ధం వెతుక్కోవాలి.

"బాగానే ఉందిరా. మోకాలే కాస్త... నేను స్టేషను దాకా రాలేనేమో. ఏమీ అనుకోకండి."

"అయ్యయ్యో, నువ్వెందుకన్నయ్యా! మేం వెళ్లిపోతాంగా!" తమ్ముడి మొహం వెలిగిపోయింది. గేటు దగ్గర ఆటో ఎక్కి, "స్టేషనుకి పోనీ," అని అన్నయ్యకి వినబడేలా గట్టిగా చెప్పాడు.

ఆటో మలుపు చేరేలోపే సూపరింటెండెంటుగారు మొహం ఇటు తిప్పేసుకున్నారు. ఎటు తిరుగుతుందో చూడటం మర్యాద కాదు.

ఒక కొత్త జంట దగ్గరికొచ్చింది. "మాస్టారూ, మహలుకి ఎటెళ్లాలి?"

"కుడి పక్కకి," అన్నారాయన.

థాంక్స్ చెప్పి వాళ్లు అటు నడిచారు. వెనక్కి వచ్చి ఇంకేమైనా అడుగుతారేమోనని ఆయన కాసేపు అక్కడే నిలబడ్డారు.