రెంచీ తీసుకురా

ఆదివారం పత్రికలో మెకానిక్ భార్య రాసిన ప్రేమకవిత అచ్చయింది. దాన్ని పట్టుకుని మెకానిక్ వాళ్ళన్నయ్య షెడ్డుకు వచ్చాడు. ఆయన కాలేజీలో సాహిత్యం చెప్పే లెక్చరరు. తమ్ముడు ఇంజను విప్పుతున్నాడు. పక్కన అతని భాగస్వామి, అందరూ పొడుగోడనే మనిషి, పంక్చరు వేస్తున్నాడు.

"మీ ఆవిడ నిర్వాకం విను" అని అన్న చదివాడు.

"నీ గోళ్ళ కింది గ్రీజు
నా మెడ మీద వేలిముద్ర.
పువ్వులొద్దు, రెంచీ తీసుకురా.
బిగుసుకుపోయాను, విప్పు."

పొడుగోడు ఫక్కున నవ్వాడు. "మా చెల్లెమ్మ గట్టిదేరా!"

అన్న కళ్ళజోడు సర్దుకున్నాడు. "పువ్వులొద్దంటే కట్టుకున్నవాడు తెచ్చేవి వద్దని. విప్పమనడం సరేసరి. ఇక గ్రీజంటావా, ఈ షెడ్డులో గోళ్ళున్నది నీ ఒక్కడికేనా?"

మెకానిక్ తల దిమ్మెక్కిపోయింది. ఇంకా నవ్వుతున్న పొడుగోడి మొహంకేసి చూశాడు. చేతిలో రెంచీ లేచింది. మొదటి దెబ్బకు పొడుగోడి ముంజేయి పుటుక్కుమంది. రెండోది చెవి పక్కన తగిలి నెత్తురు బొటబొటా కారింది.

"ఒరేయ్, నేనేం చేశానురా!" అంటూ అతను టైరు మీద కూలాడు.

అన్న గోడకు అతుక్కుపోయాడు. "నేను అర్థమే చెప్పాను" అని గొణిగాడు.

కేకలు విని వెనకింట్లోంచి భార్య పరుగెత్తుకొచ్చింది. నేలమీద పత్రిక, దానిమీద నెత్తురు. సంగతి బోధపడింది. ముందు తువ్వాలుతో పొడుగోడి తల బిగించి కట్టింది. తర్వాత మొగుడి చొక్కా పట్టుకుంది.

"అది నీ గురించేరా! రాసిన రోజే నీ ముందు పెట్టాను. చూడకుండా పక్కకి తోశావు. ఇవాళైనా నన్నడగడానికి నోరు పెగల్లేదా?"

"అన్నయ్య చదువుకున్నవాడు కదా అని..."

ఆమె బావగారివైపు తిరిగి చెంప ఛెళ్ళుమనిపించింది. కళ్ళజోడు ఎగిరి ఆయిలు డబ్బాలో పడింది.

"దీనికీ అర్థం చెప్పండి, బావగారూ."

పొడుగోడి చెయ్యి అతుక్కుంది గానీ వేళ్ళు మునుపటిలా ముడుచుకోవు. కేసు పెట్టలేదు, షెడ్డుకూ రాలేదు. మెకానిక్ వెళ్ళి గుమ్మంలో నిలబడితే మొహం మీదే తలుపేశాడు. ఆమె వెళితే మాత్రం లోపలికి పిలుస్తాడు.

ఆమె రాయడం మానలేదు. "ఏం రాశావే? ఓసారి చదవవా?" అని ఇప్పుడు మొగుడే బతిమాలతాడు. ఆమె కాగితం బోర్లా పెట్టి లేచిపోతుంది.