స్క్రూ మీద ఎర్రచుక్క

రబ్బరు గొట్టంలో గాలి.

ఒక కొస చెవిలో. ఇంకో కొస ఇంజన్ గొంతు దగ్గర.

స్‌స్‌స్... దూరంగా ఎక్కడో వాన బయల్దేరినట్టు. ఇంకా ఇక్కడికి రానట్టు.

బావ వినేది అదే. ముప్ఫై ఏళ్ళు అదే విన్నాడు.

బావ అంటే మా అక్క మొగుడు. పాత ఇటలీ కార్లు తప్ప వేరేవి ముట్టుకోని మెకానిక్. ఇంకో దేశం కారు షెడ్డు ముందు ఆగిందంటే, చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చేవాడు. "మీరు దారి తప్పారండీ" అనేవాడు. మర్యాదగానే.

అదే షెడ్డులో ఇంకో మూల నాది. నేను సీట్లు కుట్టేవాణ్ణి. తోలు, స్పాంజి, మైనం రాసిన దారం, వేలంత సూది. ఇంజన్ ఆయనది. సీటు నాది. కారు మధ్యలో ఇద్దరికీ ఒక సరిహద్దు ఉండేది. దాన్ని ఎవరూ గీయలేదు. అయినా ఉండేది.

రేకుల కప్పు మీదికి ఒక చెట్టు వంగి ఉండేది. ఏం చెట్టో మా ఇద్దరికీ తెలీదు. గాలి వీస్తే దాని కొమ్మ రేకుని గీరేది. బావ ఇంజన్ వింటున్న సమయంలో గీరితే తలెత్తి చెట్టువైపు గుర్రుగా చూసేవాడు. చెట్టు ఊరుకునేది. నాకలా అనిపించేది.

మనిషి విచిత్రం.

కార్లకి వరసలు పెట్టి పిలిచేవాడు. పొద్దున్నే స్టార్ట్ చేస్తే అలిగి, ఎండ ఎక్కాక గానీ మాట్లాడని పెద్ద కారు — మేనత్త. నూనె కారుస్తూ, అందరినీ నవ్విస్తూ, ఎక్కడికీ చేరని ఎర్రకారు — చిన్నాన్న. రెండే సీట్ల చిన్న నీలంకారు ఒకటుండేది. కంటి డాక్టరమ్మది. అది కొత్తకోడలు. "అడిగితే గానీ నోరు విప్పదు. కానీ అన్నీ గుర్తుపెట్టుకుంటుంది చూడు" అనేవాడు.

"బండి సతాయిస్తోంది" అని ఎవరైనా అంటే ఊరుకునేవాడు కాదు. "అది సతాయించడం లేదు. మీకేదో చెబుతోంది. మీరే రేడియో పెట్టుకున్నారు."

అరచేతి మందం పుస్తకం ఒకటుండేది. ఇటలీ భాషది. ఒక్క ముక్క చదవలేడు. బొమ్మలు చూసేవాడు. బొమ్మల పక్కన పెన్సిలుతో తెలుగులో రాసుకునేవాడు. ఒక చోట — ఇక్కడ బలం వద్దు. ఇంకో చోట — ఇక్కడ ఓపిక. ఒక పేజీ మొత్తానికి ఒకటే మాట — అబద్ధం.

వాన రోజు పని చేసేవాడు కాదు. తడిగాలి పీల్చిన ఇంజన్ మాట నమ్మకూడదనేవాడు. వానలో మేమిద్దరం ఊరికే కూర్చునేవాళ్ళం. టీ చల్లారేది. అవి మంచి రోజులు... అప్పుడు తెలీదు.

ఇక ఆ గొట్టం సంగతి.

ఆ కార్లకి కార్బ్యురేటర్లు రెండు. పెట్రోలులో గాలి కలిపి ఇంజన్‌కి అందిస్తాయి. ముందొకటి, వెనకొకటి. రెండూ ఒక్క కొలతలో ఊపిరి పీల్చాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ పీల్చిందా — ఇంజన్ కుంటుతుంది. రెంటికీ మధ్య ఒక స్క్రూ. పావు చుట్టు అటు. పావు చుట్టు ఇటు. అదే ఆయన విద్యంతా.

మిషన్లున్నాయి దానికి. ఆయన కొనలేదు. గొట్టం చెవిలో పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు.

ముందుదాన్ని కుడిచెవితో వినేవాడు. తర్వాత కారు చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళి, వెనకదాన్ని ఎడమచెవితో.

"ఎందుకు బావా ఆ ప్రదక్షిణ? ఒకే చెవితో వినొచ్చుగా?"

"ఒకరి మాట విన్న చెవిలో వాళ్ళ మాటే ఉండిపోతుందిరా. ఇంకొకరిది ఎలా ఎక్కుతుంది?"

"మా అక్క మాట ఏ చెవితో వింటావ్ మరి?"

"రెండూ మూసుకుని."

రేకుగోడ అవతల్నించి అక్క గొంతు — "నాకు వినబడుతోంది."

రెండూ సమానం అయ్యాక జేబులోంచి చిన్న సీసా తీసేవాడు. గోళ్ళరంగు. ఎరుపు. స్క్రూ తల మీద ఒకే ఒక్క చుక్క. ఆరితే గట్టిపడుతుంది. ఎవరైనా స్క్రూ తిప్పితే చుక్క పగిలి చెబుతుంది. ఎర్రచుక్క ఉందంటే అది బావ ఇచ్చిన మాట. బావ చుక్క ఉన్న కారుని ఈ ఊళ్ళో ఇంకే మెకానిక్కూ విప్పేవాడు కాదు.

ఆ రంగు అక్క కొని తెచ్చేది. తన గోళ్ళకి ఎన్నడూ వేసుకోలేదు. కొట్లో అమ్మాయి ఈ రంగు మీకు బాగుంటుందండీ అంటే, నాకు కాదమ్మా, మా ఆయనకి అనేదట.

గాలి. గొట్టం. చుక్క.

ముప్ఫై ఏళ్ళు.

...

మొదట తెలిసింది నా వీపుకి.

సీటు కుట్టాక అందులో కూర్చుని చూడాలి. ఇంజన్ నడుస్తుండగా కూర్చోవాలి. కుట్టు ఎక్కడ లాగుతోందో, స్పాంజి ఎక్కడ కుంగుతోందో వణుకు చెబుతుంది. "నీకు చెవులు లేవురా బామ్మర్దీ, దేవుడు నీకు పెట్టినదంతా కూర్చునే చోటే పెట్టాడు" అనేవాడు బావ. కారు ఓనర్ల ముందే అనేవాడు. వాళ్ళు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి.

ఆ వీపుకే తెలిసింది. కుట్టులో లేని వణుకు ఒకటి. సన్నగా. మేనత్తలో ఉంది. చిన్నాన్నలో ఉంది. కొత్తకోడల్లో ఉంది. వేర్వేరు కార్లు, ఒకటే వణుకు.

అన్ని కార్లకీ ఒకే జబ్బు రాదు.

ఒక మధ్యాహ్నం బావ నిద్రపోతున్నాడు. ఏం వినబడుతుందో చూద్దామని గొట్టం తీసి చెవిలో పెట్టుకున్నాను. ముందుది విన్నాను. అదే చెవితో వెనకదీ విన్నాను.

వెనకది ఎక్కువ పీలుస్తోంది.

అప్పుడు గుర్తొచ్చింది... అక్క కుర్చీ. ఏడాది కిందట అక్క భోజనాల టేబుల్ దగ్గర తన చోటు మార్చుకుంది. ఎప్పుడూ బావకి ఎడమపక్క కూర్చునేది. ఇప్పుడు కుడిపక్క. ఎందుకు మారిందో ఎవరికీ చెప్పలేదు. ఆయన అడగలేదు. ఎడమపక్కనుంచి పిలిస్తే బావ తిరగడం మానేశాడు.

ఎడమచెవికి వెనక గాలి మెల్లగా వినబడుతోంది. మెల్లగా ఉందనుకుని ఆయన స్క్రూ తిప్పుతున్నాడు. కుడిచెవితో సమానం అయ్యేదాకా. ఆయన విన్నంతలో అది సమానమే. కళ్ళు మూసుకుని, మనసు పెట్టి, ప్రతి కారుకీ ఒకే తప్పు.

చెప్పాలి.

చెప్పలేదు.

స్క్రూడ్రైవర్ కొసతో ఎర్రచుక్క గీరాను. పావు చుట్టు కన్నా తక్కువ. ఇంజన్ గొంతు సర్దుకుంది. వణుకు పోయింది. ఇంట్లో అద్దం ముందు అక్క ఉంచే రెండో సీసా తెచ్చి చుక్క పెట్టాను. నా చెయ్యి కొంచెం కూడా వణకలేదు. అది ఇప్పటికీ గుర్తుంది.

బావ మీద ప్రేమ — అనుకున్నాను. పెద్దాయన పరువు కాపాడుతున్నాను అనుకున్నాను. పేరు పెట్టుకోవడం తేలికే. కానీ స్క్రూ తిరిగిన ఆ క్షణం లోపల ఎక్కడో తియ్యగా ఒకటి కదిలింది. ఓనర్ల నవ్వు వినబడింది. కూర్చునే చోటే... అన్న మాట వినబడింది. నేను దయ తలుస్తున్నానా, బాకీ తీర్చుకుంటున్నానా? ఒకే చేతిలో రెండూ ఎలా పడతాయి?

పడతాయి.

రెండేళ్ళు. ఆయన నిద్రపోయే గంట నాది. ఆయన చుక్క చెరిపి నా చుక్క. కొమ్మ రేకుని గీరేది. నేను తలెత్తి చూసేవాణ్ణి, ఆయనలాగే.

ఒకరోజు అక్క కొత్త సీసా తెచ్చి నా కుట్టుబల్ల మీద పెట్టింది. బావ చేతికివ్వలేదు. నాకు.

"ఈమధ్య తొందరగా అయిపోతోందిరా రంగు" అంది.

అంతే అంది.

...

కంటి డాక్టరమ్మ వచ్చింది ఒక పొద్దున. రెండేళ్ళ తర్వాత మళ్ళీ సర్వీసుకిచ్చిన కారు, తీసుకెళ్ళి నెలయింది. రిపేరుకి రాలేదు. ఊరికే వచ్చింది.

"బండి చాలా బాగుందండీ. కానీ ఇదివరకు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు సన్నగా ఒక వణుకుండేది. నాకది అలవాటైపోయింది. ఇప్పుడు లేదు. నునుపుగా పోతోంది..." నవ్వింది. "మీ చెయ్యి కాదేమో అనిపించింది. అడగడానికొచ్చాను."

నా సూది తోలులో సగం దిగి ఆగిపోయింది.

బావ బానెట్ ఎత్తాడు. వంగాడు. చుక్కని చూశాడు.

ఆయన చుక్క ఎప్పుడూ కుడివైపుకి తోక లాగి ఉంటుంది. తొందర మనిషి. నాది గుండ్రంగా, కుట్టు చివర ముడిలాగా ఉంటుంది. రెండేళ్ళు ఆ సంగతి నాకు తట్టనే లేదు. చెవిని మోసం చేశాననుకున్నాను. కళ్ళున్నాయి ఆయనకి.

బొటనవేలితో చుక్కని తడిమాడు. ఒకసారి. రెండోసారి.

"నా చెయ్యేనమ్మా" అన్నాడు. "వయసొచ్చింది కదా. చెయ్యి మారింది."

నా వైపు చూడలేదు. బానెట్ మెల్లగా దించాడు. ఎప్పుడూ అంత మెల్లగా దించడు.

ఆ తర్వాత బావ చుక్క పెట్టడం మానేశాడు.

గొట్టం ఉంది. కళ్ళు మూసుకోవడం ఉంది. కారు చుట్టూ తిరగడం ఉంది. కుడిచెవి, ఎడమచెవి. స్క్రూ తిప్పడం. అంతా ఉంది. చివర్లో చెయ్యి జేబు దాకా పోయేది... ఆగేది. చేతులు తుడుచుకుని పడుకోవడానికి వెళ్ళిపోయేవాడు.

స్క్రూ తల ఖాళీగా మెరిసేది.

నేను వెళ్ళేవాణ్ణి. సరిచేసేవాణ్ణి. చుక్క మాత్రం పెట్టలేకపోయేవాణ్ణి. ఆయన పెట్టని చుక్క నేనెలా పెట్టను? ఎనిమిది నెలలు. ఎన్ని కార్లు వెళ్ళాయో... ఎవరి మాటా కాకుండా వెళ్ళాయి.

నువ్వు పెట్టుకోరా అని వదిలేశాడా?

ఇక నా మాటకి విలువ లేదని వదిలేశాడా?

అడగడానికి రోజూ నోటిదాకా వచ్చేది. వానలు కూడా వచ్చాయి. ఊరికే కూర్చున్నాం. టీ చల్లారింది. ఒకసారి నేను "బావా..." అన్నాను. ఎడమపక్క కూర్చుని ఉన్నాను. ఆయన తిరగలేదు. వినబడలేదనుకున్నాను. వినబడలేదనుకోవడం నాకూ హాయిగానే ఉంది.

పోయిన నెల, పొద్దున్నే, బావ కుర్చీలో కూర్చుని ఇక లేవలేదు.

...

ఇవాళ షెడ్డులో ఒకటే కారు. నీలంది. కొత్తకోడలు. బావ చివరిసారి విన్న కారు. బానెట్ తెరిచే ఉంది. గొట్టం అద్దానికి తగిలించి ఉంది, ఆయన తగిలించినట్టే. స్క్రూ మీద చుక్క లేదు.

నాలుగింటికి డాక్టరమ్మ వస్తుంది.

అక్క టీ తెచ్చింది. రెండు గ్లాసులు. మూడోది అలవాటుగా తెచ్చి, కిటికీలో పెట్టేసింది.

"అక్కా. బావ చుక్క పెట్టడం మానేశాడు. తెలుసా నీకు?"

"అడిగాను కూడా."

గ్లాసు బల్ల మీద పెట్టాను. "ఏమన్నాడు?"

"సీసా వాడి దగ్గరుందిగా, అన్నాడు."

రేకు మీద కొమ్మ గీరింది.

"ఎలా అన్నాడు? నవ్వుతూనా? కోపంగానా?"

అక్క కిటికీలోని గ్లాసు వైపు చూసింది. నిజంగా గుర్తుచేసుకుంటోంది. గుర్తొస్తే బాగుండునని తనకీ ఉంది.

"టీ తాగుతూ అన్నాడురా. పక్కన కూర్చునేదాన్ని కదా... మొహం సగమే కనబడేది."

ఇంజన్ స్టార్ట్ చేశాను.

గొట్టం తీశాను. ముందుదాన్ని కుడిచెవితో విన్నాను. తర్వాత... ఎందుకో తెలీదు, కారు చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళాను. వెనకదాన్ని ఎడమచెవితో విన్నాను.

సమానంగా ఉంది.

గొట్టం మార్చి కుడిచెవిలో పెట్టాను. వెనకది ఎక్కువ. మళ్ళీ ఎడమచెవి. సమానం.

నాకూ యాభై ఆరు.

బావ విన్నది ఇదే. ఇంతే. ఇంత చక్కగా, ఇంత కుదురుగా... ఆయన లోకంలో ఏదీ కుంటలేదు. నేను రెండేళ్ళు సరిచేసింది దీన్ని.

"ఏమైందిరా?"

"ఏం లేదు."

సీసా మూత తిప్పాను. ఘాటు వాసన. స్క్రూడ్రైవర్ ఒక చేతిలో, కుంచె ఇంకో చేతిలో. పావు చుట్టు కన్నా తక్కువ. తిప్పితే నా మాట. తిప్పకుండా చుక్క పెడితే ఆయన మాట — నా చేత్తో, గుండ్రంగా.

గోడ గడియారంలో నాలుగుకి అయిదు తక్కువ.

అక్క వచ్చి నా పక్కన నిలబడింది. కుడిపక్కన. నేను గమనించాను.

కుంచె చివర చుక్క బరువెక్కుతోంది. ఇంకా పడలేదు.

గొట్టం చెవిలోనే ఉంది. స్‌స్‌స్... దూరంగా ఎక్కడో వాన బయల్దేరినట్టు.

గొట్టంలోనో... బయటో.

బయటే అయితే ఇవాళ పని చెయ్యకూడదు.