నాకు తప్ప ఎవరికీ స్టార్ట్ అవదు

మా ఆయన మాట్లాడే మాటల్లో సగం ఆ మోటార్‌సైకిల్ గురించే. మిగతా సగంలో కుట్టుమిషన్లు, మా అమ్మాయి, ఎండా వానా పోగా నా వంతుకు ఏం మిగులుతుందో మీరే ఊహించుకోండి. అయినా నేనేమీ అనుకోను. ఆ బండి నాకంటే ముందు ఆయన జీవితంలోకి వచ్చింది. పెద్దరికం దానిదే.

ఆయన ఇంటింటికీ వెళ్లి కుట్టుమిషన్లు బాగుచేస్తారు. నేను బట్టలు కుడతాను. మా నాన్న టైలరింగ్ కొట్లో మిషన్ మొరాయిస్తే బాగుచేయడానికి ఆ బండి మీదే వచ్చారు. మిషన్ ఒక్క పూటలో బాగైంది గానీ, ఆయన రావడం మాత్రం ఆగలేదు. ప్రతిసారీ ఏదో ఒక స్క్రూ బిగించి వెళ్లేవారు. ఇక బిగించడానికి స్క్రూలు లేవని మా నాన్న గ్రహించి, పెళ్లి చేసేశారు.

ఇప్పుడు నా మిషన్ వీధి గదిలో కిటికీ పక్కన ఉంటుంది. ఆయన బండి సరిగ్గా ఆ కిటికీ కింద ఉంటుంది. దాని హ్యాండిల్ లాక్ పాడై చాలాకాలమైంది. తాళంచెవి ఎప్పుడూ బండికే వేలాడుతుంటుంది. తీస్తే ఎక్కడ పెట్టానో మర్చిపోతానని ఆయన తీయరు. "అలా వదిలేస్తారేంటండీ, ఎవడైనా ఎత్తుకుపోతే?" అని ఎవరైనా అడిగితే చాలు, ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టు ఛాతీ విరుచుకుంటారు.

"తీసుకెళ్లమనండి చూద్దాం. నాకు తప్ప ఎవరికీ స్టార్ట్ అవదు."

వీధిలో ఈ మాట వినని వాళ్లు లేరు. కొత్తగా అద్దెకు దిగినవాళ్లకు కూడా సామాను దించుకునేలోపే ఇది చేరిపోతుంది. ఆయన కోతలు కోసే మనిషని అనుకునేరు, ఆ మాట నిజమే. మా అల్లుడు పెళ్లైన కొత్తలో ఉత్సాహపడి కిక్ కొట్టబోయి, కాలు బెణికించుకుని, మంచం మీద పడుకుని మాచేత మర్యాదలు చేయించుకున్నాడు. మూలమీది కొట్టాయన ప్రయత్నించాడు. ఎదురింటి రిటైరైన మాస్టారు కూడా ఒకసారి సరదాపడ్డారు. ఎవరు కొట్టినా అది మూలిగింది గానీ కదల్లేదు. ఆయన వెళ్లి కొడితే ఒక్క దెబ్బకే అందుకుంది.

"నా కాలు దానికి తెలుసు," అంటారు.

మా అమ్మాయి ఆసుపత్రిలో నర్సు. వాళ్ల దగ్గర పార్కింగులో బండ్లు మాయమవుతుంటే హడలిపోయి, బొటనవేలంత లావు గొలుసు, దానికి తాళం కొని తెచ్చింది. రెండు తాళంచెవులు. ఆయన దాని బరువు చూసి "బాగుందమ్మా" అన్నారు. మర్నాటి నుంచి అది గాలికి వీధి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టే బరువుగా స్థిరపడింది. నేను చెవినిల్లు కట్టుకుని పోరాను.

"తాళం వేస్తే దానికి అవమానం," అన్నారు.

"మరి ఇంటికెందుకు వేస్తున్నారు?"

"ఇంట్లో నువ్వుంటావు కదా. అది వేరు."

ఆ మాట మెచ్చుకోలో దెప్పిపొడుపో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. ఆ బండి ఆయనకే ఎందుకు స్టార్ట్ అవుతుందో ఆయనకు తెలియదు. నాకు తెలుసు.

రోజూ పొద్దున మిషన్ దగ్గర కూర్చుని వింటాను. ఆయన ముందు పెట్రోల్ ట్యాప్ తిప్పుతారు. తాళం తిప్పకుండా మెల్లగా రెండు కిక్కులు కొడతారు. అప్పుడు హెల్మెట్ పెట్టుకుంటారు. దాని పట్టీ బకిల్ పాతది, ఒక పట్టాన పడదు. మెడ అటూ ఇటూ తిప్పుతూ, గొణుక్కుంటూ కుస్తీ పడతారు. అది పడ్డాక తాళం తిప్పి ఒక్క గట్టి కిక్. అంతే. కిటుకంతా ఆ బకిల్‌లో ఉంది. పెట్రోలు కిందికి దిగడానికి కాస్త వ్యవధి కావాలి. మిగతావాళ్లు ఆత్రపడి వరసపెట్టి కొడతారు, దానికి ఊపిరాడనివ్వరు. ఒకరోజు వాన ముంచుకొస్తోందని ఆయన హెల్మెట్ ఇంట్లోనే తలకు పెట్టుకుని బయటికి వెళ్లారు. ఎంత కొట్టినా స్టార్ట్ అవలేదు. విసుగొచ్చి హెల్మెట్ తీసి, తల తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని కొడితే అయింది. "చూశావా, తొందరపెడితే అలుగుతుంది," అన్నారు నాతో. నేను కత్తెర అందుకుని తల వంచుకున్నాను.

చెప్పొచ్చు. చెప్పలేదు. జాలిపడి కాదు. పొద్దున్నే బండి అందుకోగానే ఆయన కిటికీలోంచి నా వైపు చూసి గడ్డం ఎగరేస్తారు. ఆ చూపు నాకిష్టం. బకిల్ సంగతి తెలిస్తే అది ఉండదు.

ఆ రోజు మధ్యాహ్నం ఆయన భోజనానికి వచ్చి కాస్త నడుం వాల్చారు. నేను మేడ మీద ఆరిన బట్టలు తీసుకుంటున్నాను. దిగి వచ్చేసరికి వీధి తలుపు తెరిచి ఉంది, ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"పోయింది," అన్నారు.

"ఏం పోయింది?"

ఆయన చెయ్యి చూపించారు. కిటికీ కింద నూనె మరక మాత్రం ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ గొలుసు గురించి నేను పెట్టిన పోరంతా నోటిదాకా వచ్చింది. కానీ ఆయన మెట్టు మీద కూలబడి నేల చూస్తున్నారు.

"స్టార్ట్ అయిందన్నమాట," అన్నారు మెల్లగా. "ఎవడికో స్టార్ట్ అయింది."

బండి పోయిందని కాదు ఆయన బాధ. ఇన్నేళ్లూ వీధి వీధంతా చెప్పుకున్న మాట అబద్ధమైపోయిందని. మా అమ్మాయిని అత్తారింటికి పంపిన రోజున కూడా ఆయన్ని అలా చూడలేదు. నా కోపం ఎటు పోయిందో తెలియదు.

అంతలో ఎదురింటి మాస్టారు పేపరు మడుస్తూ బయటికి వచ్చారు.

"ఏమైందండీ బండికి? రిపేరుకు పంపినట్టున్నారు? ఇందాక మీ కుర్రాడెవరో తోసుకెళ్తుంటే నేనూ ఓ చెయ్యి వేశాను."

ఆయన తలెత్తారు. "తోసుకెళ్లాడా?"

"ఆఁ. ముందు చాలాసేపు కిక్కులు కొట్టాడు. నేనే చెప్పాను, నీవల్ల కాదు బాబూ, అది ఆయనకు తప్ప ఎవరికీ స్టార్ట్ అవదు, తోసుకెళ్లడమే మేలని. మీరే చెప్తుంటారు కదా. అందుకే నాకు అనుమానం రాలేదు."

"మీ ముందే కొట్టాడా? అవలేదా?"

"ఎక్కడండీ. చెమటతో తడిసిపోయాడు."

ఆయన లేచి నిలబడ్డారు. బండి పోగొట్టుకున్న మనిషి ముఖమేనా అది? పెళ్లికొడుకులా వెలిగిపోతోంది. దొంగకు సాయం చేసిన మాస్టారి చెయ్యి పట్టుకుని ఊపేశారు. మాస్టారికి అప్పుడు గానీ విషయం అర్థం కాలేదు.

మూలమీది కొట్టాయన ఇంకో ఆకు ఎక్కువే చదివాడు. దొంగకు మంచినీళ్లిచ్చి, ఎత్తు రోడ్డు మీద వెనక నుంచి భుజం ఆనించి, పైన కొత్తగా పెట్టిన మెకానిక్ షెడ్డుకు దారి కూడా చూపించాడట. "మీ పేరు చెప్పమన్నాను, బాగా చూస్తాడని," అన్నాడు పాపం, తల గోక్కుంటూ.

అందరం బయల్దేరాం. ఆయన ఉన్నపళాన చెప్పులతో నడిచేశారు. దొంగ దొరికితే నెత్తిన ఒకటి వేద్దామని నేను తలుపు దగ్గరి గొలుసు అందుకున్నాను. దాని పక్కనే మేకుకు హెల్మెట్ వేలాడుతోంది. చేతికి అదొచ్చి ఉంటే మీకు చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

షెడ్డులో మా బండి ఒక మూల నిలబడి ఉంది. మెకానిక్ మోకాలికి ఏదో మందు రాసుకుంటున్నాడు. ఆ దొంగ బండి వదిలేసి, సాయంత్రం వస్తానని చెప్పి, వెనక్కి చూడకుండా పోయాడట.

"ఇది మా బండి," అన్నారు ఆయన.

"అతనూ అలాగే అన్నాడండీ," అన్నాడు మెకానిక్. "కాగితాలు చూపించి తీసుకెళ్లండి."

"నేను సాక్ష్యం," అన్నారు మాస్టారు.

"మీరూ ఒక చెయ్యి వేశారని అతను చెప్పాడండి."

మాస్టారు నా వెనక్కి జరిగారు. నేను ఇంటికెళ్లి కాగితాలు తెస్తానన్నాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"కాగితాలు దేనికి? స్టార్ట్ చేసి చూపిస్తాను. నాకు తప్ప ఎవరికీ అవదు. అంతకంటే రుజువేం కావాలి?"

మెకానిక్ తన మోకాలి వైపు చూసుకుని, సరేనన్నాడు. షెడ్డులో ఉన్న నలుగురూ పని ఆపి చుట్టూ చేరారు. రోడ్డు మీద పోయేవాళ్లు కూడా ఆగారు. ఆయన సీటు మీద ఒకసారి చెయ్యి వేసి, ట్యాప్ తిప్పి, మెల్లగా రెండు కిక్కులు కొట్టారు. వెంటనే తాళం తిప్పి గట్టిగా కొట్టారు.

మూలిగింది. అంతే.

ఇంకోసారి కొట్టారు. మళ్లీ, మళ్లీ. ఎవరో కిసుక్కుమన్నారు. నేను ఆయన తల వైపు చూశాను. వట్టి తల. హెల్మెట్ లేదు, బకిల్ లేదు, కుస్తీ లేదు. చుట్టూ ఇంతమంది చూస్తుంటే ఆగే ఓపికా లేదు. ముఖం కందిపోయింది. "నా కాలు దానికి..." అని ఏదో అనబోయి ఆగిపోయారు.

అంతమందిలో ఆయన తల దించుకోవడం నేను చూడలేను. చెవిలో చెప్పొచ్చు, కాస్త ఆగి కొట్టండని. కానీ అంతటితో ఆ గొప్పంతా ఒక బకిల్ పాలవుతుంది. గొలుసు మాస్టారి చేతిలో పెట్టి ముందుకు వెళ్లాను.

"కాస్త పక్కకు రండి," అన్నాను.

"నీవల్ల ఏమవుతుందే?"

"రండి."

తాళం ఆపేసి, మెల్లగా రెండు కిక్కులు కొట్టాను. తర్వాత కళ్లద్దాలు తీశాను. ఒకవైపు తుడిచాను. రెండోవైపు తుడిచాను. వెలుతురుకు ఎత్తి చూసి, మచ్చ కనిపిస్తే మళ్లీ తుడిచాను. "ముందు బండి సంగతి చూడమ్మా," అన్నాడు ఎవడో. వాడి వైపు ఒక్క చూపు చూసి, తీరిగ్గా కళ్లద్దాలు పెట్టుకుని, తాళం తిప్పాను. జీవితమంతా మిషన్ తొక్కిన కాలు నాది. ఒక్కటే కిక్ కొట్టాను.

షెడ్డు రేకులు అదిరేలా అందుకుంది.

నలుగురూ ఓహో అన్నారు. నేను మాత్రం ఆయన వైపు తిరిగాను. ఆయన నన్నే చూస్తున్నారు. ఆ ముఖంలో ఏముందో నాకు అంతుపట్టలేదు. నాకు తప్ప ఎవరికీ అవదని ఇంతమంది ముందు అన్న మాటను నేనే, కట్టుకున్నదాన్నే, అందరి ఎదుటా తుంచేశాను. దొంగ చేయలేని పని నేను చేశాను.

ఆయన నెమ్మదిగా మెకానిక్ వైపు తిరిగారు. ఛాతీ విరుచుకున్నారు.

"చెప్పానా? మా ఇద్దరికి తప్ప ఎవరికీ స్టార్ట్ అవదు."

నా జీవితంలో నన్ను చాలామంది మెచ్చుకున్నారు. నా కుట్టు చూసి వేరే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లున్నారు. ఆ ఒక్క మాటకు మాత్రం నా కళ్లద్దాలు మళ్లీ తుడుచుకోవలసి వచ్చింది.

ఇంటికి వచ్చేటప్పుడు మాస్టారి దగ్గర గొలుసు తీసుకుని వెనక కూర్చున్నాను. ఎత్తు దిగుతుండగా ఆయన తల కాస్త వెనక్కి తిప్పారు.

"నీకెలా అయిందే?"

"ఇన్నేళ్లూ కిటికీలోంచి నన్ను చూస్తూనే ఉంది కదా. గుర్తుపట్టింది."

"అంతే అయ్యుంటుంది," అన్నారు.

ఇంటి ముందు దిగాక ఆయన నా చేతిలోంచి గొలుసు తీసుకుని, ముందు చక్రంలోంచి కిటికీ ఊచలకు చుట్టి తాళం వేశారు. ఇన్నాళ్లూ అవమానమన్నారుగా అని అడిగాను.

"అప్పుడు అది నా ఒక్కడిదనుకున్నాను. పోతే నాదే పోయేది," అని, ఒక తాళంచెవి జేబులో వేసుకుని, రెండోది నా కత్తెర తగిలించే మేకుకు వేలాడదీశారు.

మర్నాడు పొద్దున నేను మిషన్ ముందు కూర్చున్నాను. ఆయన గొలుసు విప్పారు. ట్యాప్ తిప్పారు. మెల్లగా రెండు కిక్కులు కొట్టి హెల్మెట్ పెట్టుకున్నారు. ఆ రోజెందుకో బకిల్ చటుక్కున పడింది. అయినా కిక్ కొట్టలేదు. కిటికీలోంచి నా వైపు చూస్తూ నిలబడ్డారు.

"ఏంటండీ?"

"కానివ్వు."

"ఏం కానివ్వను?"

"కళ్లద్దాలు తుడుచుకో. నువ్వు తుడుచుకుంటే గానీ అది స్టార్ట్ అవదు."

ఎదురింటి గుమ్మంలో మాస్టారు పేపరు దించి చూస్తున్నారు. నేను కళ్లద్దాలు తీసి, ఒకవైపు తుడిచి, రెండోవైపు తుడిచి, వెలుతురుకు ఎత్తి చూసుకుని పెట్టుకున్నాను. అప్పుడు ఆయన కిక్ కొట్టారు. ఒక్కటే.